అవతలి ఒడ్డున మన నంబరు

వదిన బస్సెక్కిందని చెప్పి పోయినవారం ఆగాం. ఎందుకెక్కిందో మరిచిపోయినవాళ్ల కోసం, ఈ వారమే కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

అత్తగారు ముప్పై ఏళ్లు నడిపిన టైపు స్కూలు హాల్లోనే ఇప్పుడు కొడుకుల కంపెనీ నడుస్తోంది. పెద్దకొడుకు కంప్యూటర్ సిస్టమ్‌లు తయారుచేస్తాడు, చిన్నకొడుకు అమ్ముతాడు. అమ్మడమంటే మామూలు అమ్మకం కాదు. ఆ సిస్టమ్ లోపలి రాతంతా బాహాటం. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా. వంట ఎలా చేయాలో కాగితం మీద రాసి ఊరంతా పంచిపెట్టి, "మాకు చేతకాదు, మీరే వచ్చి వండిపెట్టండి" అన్నవాళ్ల ఇంటికి వెళ్లి వండిపెట్టడం లాంటిదన్నమాట. ఆ వండిపెట్టడమే వీళ్ల వ్యాపారం: అమర్చడం, నేర్పడం, చెడితే బాగుచేయడం.

పెద్దకోడలిది ఫోన్. ఆఫీసులో అందరికీ ఆమె వదినే. తెర ముందు కూర్చుని ఏం తోచనివాళ్లంతా ఆమెకి ఫోన్ చేస్తారు. ఆమె ఓపిగ్గా విని, దారి చెప్పి, ఆ కష్టాన్నీ దాని విరుగుడునీ మామూలు మాటల్లో రాసి సిస్టమ్‌లోని సహాయం పేజీలో చేరుస్తుంది. ఇంకొకళ్లకి అదే కష్టం వస్తే తెర మీదే కనబడుతుంది.

చిన్నకొడుకుకి ఒకటే పాట, విస్తరణ. గోడకి మ్యాపు తగిలించి, పక్కన కూర్చున్న తల్లి "ఆ ఊరు బాగుంటుందిరా, ఈ ఊరికి నేరుగా బస్సుంది" అంటూ ఉంటే పన్నెండు ఊళ్ల మీద ఎర్ర గుండుసూదులు గుచ్చాడు. మొదటి సూది ఏటి అవతలి రేవు ఊరు. అక్కడ బ్రాంచి తెరిస్తే నడిపేది వదినే అని ఇంట్లో ఖాయమైంది. పదిహేడేళ్ల కాపురంలో తనకంటూ ఒక గది, తన మాట చెల్లే ఒక టేబులు ఆమెకి అదే మొదటిది. మరిదిది ఒక్కటే షరతు: ఆ ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఇంకెవరూ ఉండకూడదు. ఉన్నారా, ఆ సూది పీకి పక్క ఊళ్లో గుచ్చడమే. సోమవారం సంతకాలు.

అలాంటి సమయంలో ఒకమ్మాయి ఫోన్ చేసి, "రేవు దగ్గర పళ్ల డాక్టరుగారి క్లినిక్ నుంచండీ, మా తెర మీద మీ నంబరుంది" అంది. ఆ ఊళ్లో కంపెనీకి ఒక్క ఖాతాదారూ లేరు.

*

"ఏ ఊరి నుంచి చేస్తున్నారు" అని వదిన ఏనాడూ ఎవరినీ అడగలేదు. "మీకేం కనిపిస్తోంది?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న. పేరైనా అడగదు. ఫోన్ చేసేవాళ్లంతా తన భర్త అమర్చిపెట్టిన చోట్ల వాళ్లేనని ఆమె అనుకుంది. ఖాతాదారుల ఫోన్లు పోగా ఆవిడ మాట్లాడే మిగతాదంతా చుట్టాలూ స్నేహితులతోనని ఆయన అనుకున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటూ ఇటూ కూర్చుని మూడేళ్లు అలా అనుకుంటూనే గడిపేశారు.

ఉదయం బయల్దేరుతుంటే అత్తగారు ముందుగదిలో తన పాత కంప్యూటర్ ముందు ఉన్నారు. రిటైరయ్యాక ఆవిడకదే కాలక్షేపం, పేకాట. ముక్కలు పేర్చుకుంటూ పొద్దు పుచ్చుతారని ఇంటిల్లిపాదికీ తెలుసు.

"బ్రాంచి గది చూసొస్తా అత్తయ్యా."

"వెళ్లిరా అమ్మాయ్. బస్సులో గూనిగా కూర్చోకు. వీపు నిటారుగా పెట్టి కూర్చో." తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నారు. టైపు నేర్పిన ముప్పై ఏళ్లలో ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నారో, ఇప్పుడు కూర తరుగుతూ కూర్చున్నవాళ్లనీ వదలరు.

గది చూసొస్తానన్నది అబద్ధం కాదు. బస్సు దిగి ముందు అక్కడికే వెళ్లింది. తాళం వేసి ఉంది. కిటికీ అద్దానికి చేతులు అడ్డుపెట్టుకుని లోపలికి చూసింది. ఖాళీ గది. నేల మీద పాత పేపరు ముక్క, గోడకి ఒక మేకు. కిటికీలోంచి ఏరు కనబడుతుంది. టేబులు ఇటు వేస్తే వెలుతురు ఎడమ భుజం మీంచి పడుతుంది. ఆ మేకుకి ఏం తగిలించాలో కూడా అనుకుంది. అక్కడ్నుంచి కాళ్లు కదలడానికి కొంచెం సమయం పట్టింది.

పళ్ల డాక్టరుగారి క్లినిక్ రెండు వీధుల అవతల. బల్ల దగ్గరున్న అమ్మాయి ఎవరికో ఫోన్‌లో సర్దిచెబుతోంది. వదిన బల్ల మీదికి వంగి తెర చూసింది.

తన సిస్టమే. రంగు కాస్త మార్చారు, అంతే. కింద మూల సహాయం పేజీ తెరిచి ఉంది. మొదటి వాక్యం తనది: "కంగారు పడకండి. మీరు ఏమీ పాడుచేయలేదు." దాని కింద, "ఇంకా తోచకపోతే ఈ నంబరుకి చేయండి, ఎంత చిన్న సందేహమైనా సరే" అని ఉంది. ఆ నంబరు ఆమె సంచీలో ఉన్న ఫోన్‌ది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట, మొదటి ఖాతాదారు ఒక బడి లైబ్రరీ. ఆ లైబ్రేరియన్‌కి భయం ఎక్కువ. ఆమె కోసం, ఆమె ఒక్కదాని కోసం, తన నంబరు ఆ పేజీలో పెట్టింది. తర్వాత తీసేద్దామనుకుంది. ఆయనా తీసేద్దామనుకున్నాడు. తీయకుండానే సిస్టమ్ అందరికీ బాహాటంగా పెట్టేశాడు. ఎవరు ఎక్కడ నకలు తీసుకుంటే అక్కడికల్లా తన నంబరూ నడిచి వెళ్లింది.

"ఎవరి కోసమండీ?" ఫోన్ పెట్టేసి అడిగింది అమ్మాయి.

"ఎవరి కోసమూ కాదు. మొన్న మీకు అపాయింట్‌మెంట్ల పట్టిక కనబడకుండా పోయింది కదా. మళ్లీ వచ్చిందా?"

అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. ఆ గొంతు. "మీరు... ఫోనక్క కదూ." లేచి నిలబడింది. "డాక్టరుగారూ, ఫోనక్క వచ్చారండీ."

లోపల్నుంచి నోట్లో ఏదో పెట్టించుకున్న రోగి కూడా ఆశ్చర్యంగా శబ్దం చేశాడు. డాక్టరు చేతి తొడుగులతోనే తలుపు దాకా వచ్చి దణ్ణం పెట్టబోయి, చేతులు చూసుకుని ఆగిపోయాడు. "మీ గొంతు విని ఇంకా పెద్దావిడనుకున్నానండీ," అన్నాడు.

"నేను ఇంకా చిన్నావిడనుకున్నాను," అంది అమ్మాయి నిజాయితీగా, వెంటనే నాలుక్కరుచుకుంది.

వదినకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "ఇది మీకెవరు పెట్టారు?"

"గొడుగులావిడ. రేవు మెట్ల పక్కన. మీరు ఆవిడ దగ్గరే కదా పనిచేస్తారు?"

*

నేను ఆవిడ దగ్గర పనిచేయడమా! రేవు మెట్ల దాకా నడుస్తున్నంతసేపూ ఈ మాట వదిన చెవిలో తిరుగుతూనే ఉంది. దారిలో మందుల షాపు, మరబోట్ల బాడుగ కచేరీ, ఒక చిన్న పొదుపు సంఘం. మూడింట్లోనూ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి తొంగిచూసింది. మూడింట్లోనూ అదే తెర. కోపం ఉండాల్సిన చోట కోపం కన్నా ముందు ఇంకేదో వచ్చి కూర్చుంటోంది. ఎవరీ మనిషి? ఇంతమందికి ఒక్కతే ఎలా అమర్చింది? ఎవరు నేర్పారు?

గొడుగుల కొట్టు రెండు బారల వెడల్పుంటుంది. పైకప్పు నుంచి బాగుకి వచ్చిన గొడుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటి కింద నాలుగు కంప్యూటర్లు, ఒకదాని పక్కన ఒకటి. యాభై అయిదేళ్ల ఆవిడ ఎత్తు స్టూలు మీద నిటారుగా కూర్చుని, వంగిన ఊచని పటకారుతో సరిచేస్తోంది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి.

"గొడుగా, కంప్యూటరా?" అడిగింది తలెత్తకుండా.

"ఫోన్," అంది వదిన.

పటకారు ఆగింది. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని ఆమెని ఆపాదమస్తకం చూసింది. ఆశ్చర్యపోయినట్టు లేదు. రైలు ఆలస్యమైనా వచ్చిందిలే అన్నట్టు చూసింది.

"కూర్చోండి. ఆ స్టూలు మీద వద్దు, కాలు ఊగుతుంది."

వదిన కూర్చోలేదు. "మా సిస్టమ్ అమ్ముతున్నారట."

"అమ్ముతున్నా. అడగకుండా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, రాసినవాళ్ల పేరు చెరపకుండా ఉంటే చాలు అని మొదటి పేజీలో మీ ఆయనే రాశారు. పేరు చెరపలేదు. చూసుకోండి కావాలంటే."

"చూశాను. సిస్టమ్ తీసుకోవచ్చని రాశారు, సరే. నా చెవి తీసుకోవచ్చని ఎక్కడ రాశారు?"

ఆవిడ ఊచని ఒళ్లో పెట్టుకుంది.

"అదొక్కటి నాకూ తప్పనే అనిపించిందండీ," అంది. "అందుకే ఒక నెల తీసేశాను. మీ నంబరు తీసి నాది పెట్టాను."

"మరి?"

"నాకు ఓపిక లేదు. మొదటిసారి అడిగితే చెబుతా. రెండోసారి చెబుతా. మూడోసారి అదే అడిగితే చిర్రెత్తుకొస్తుంది. పడవల కచేరీ గుమస్తాని ఒకరోజు, చేతులున్నాయా కాళ్లతో కొడుతున్నావా అన్నాను. వాడు అలిగి వారం రోజులు కాగితం మీద రాసుకున్నాడు. పళ్ల డాక్టరుగారు మనిషిని పంపించారు, పాత అక్కని పెట్టు, లేకపోతే నీ సిస్టమ్ నువ్వు పట్టుకుపో అని. ఏం చెయ్యమంటారు? మళ్లీ పెట్టాను."

వదిన తనకి తెలియకుండానే ఊగే స్టూలు మీద కూర్చుంది. అది ఊగింది.

"చెప్పానుగా," అంది గొడుగులావిడ.

"ఊరంతా ఎన్నిచోట్ల పెట్టారు?"

"ముప్పై నాలుగు. ఇక్కడ వాన పడితే కరెంటు పోతుంది. పోయినప్పుడల్లా సగం నింపిన కాగితం తెర మీంచి ఎగిరిపోయేది. మీవాళ్లది కరెంటు పోని ఊరేమో, వాళ్లకి తట్టలేదు. సగంలో ఆగినా దాచుకునేలా నేను మార్చాను."

ఈ మార్పు వదినకి తెలుసు. రెండు నెలల కిందట భర్త భోజనాల దగ్గర చెప్పి చెప్పి పొంగిపోయాడు. బయటివాళ్లు మార్పులు పంపే పెట్టెలో ఎవరో పేరు లేకుండా పంపారట. "ఎవడో గట్టివాడు. వీడే గనక దొరికితే రేపే పనిలో పెట్టుకుంటా," అన్నాడు. అప్పుడు అత్తగారు పొలమారినట్టు దగ్గి, మంచినీళ్లు తాగారు.

'వాడు' గొడుగు ఊచకి సూది దారంతో గుడ్డ కుడుతోంది.

"పేరు లేకుండా ఎందుకు పంపారు?"

"నేను మీ ఇంటికి పంపలేదండీ. నాకు ఈ సిస్టమ్ ఇచ్చిన మనిషికి పంపాను. ఆ మనిషి మీవాళ్ల పెట్టెలో వేసి ఉంటారు."

"ఇచ్చిన మనిషా? ఊరికే దొరుకుతుంది కదా, ఎవరైనా తీసుకోవచ్చు."

"దొరుకుతుందని తెలియాలి కదమ్మా. గొడుగులు కుట్టుకునేదానికి ఎలా తెలుస్తుంది? ఒకరు నకలు తీసి పంపారు. ఎలా అమర్చాలో పాఠాల్లాగ రోజుకొకటి రాసి పంపారు. మూడు నెలలు. ఒక్కరోజు తప్పలేదు." ఆవిడ దారం పళ్లతో తెంపింది. "మీ ఇంట్లోవాళ్లే."

ఎవరు? ఆయనా? ఆయన రోజూ పాఠం రాస్తే లోకం తలకిందులవుతుంది, కరెంటు బిల్లు కట్టడానికే రెండుసార్లు గుర్తుచేయాలి. మరిదా? ఊరికే ఇచ్చేసి, అదే ఊళ్లో బ్రాంచి పెడతానని మ్యాపు ముందు గంతులేస్తాడా?

"ఎవరు?"

"చెప్పొద్దని మాట తీసుకున్నారు."

"అంతేనా?"

"చూపించొద్దని మాత్రం మాట తీసుకోలేదు."

గొడుగులావిడ స్టూలు దిగి, చివరి కంప్యూటర్ తెరని ఇటు తిప్పింది. ఒక ఉత్తరం. తారీఖు చూస్తే కిందటేడాది. "నంబరు తీసేస్తానన్నావు, మళ్లీ పెట్టానన్నావు. మంచి పని. మా పెద్దకోడలు విసుక్కునే మనిషి కాదు. ఎప్పుడైనా విసుక్కుంటే నాకు రాయి, నేను చూసుకుంటాను. ఇవాళ్టి పాఠం కింద ఉంది. వీపు నిటారుగా పెట్టి కూర్చో. మణికట్టు బల్లకి ఆనించకు."

వదిన ఆ చివరి రెండు వాక్యాలూ మళ్లీ చదివింది. మూడోసారి చదవక్కర్లేకపోయింది. ఉదయం తను గుమ్మం దాటుతుంటే తెర మీంచి కళ్లు తిప్పని ఆ మనిషి, ఆ తెర, ఆ పేకాట.

"మీరు..."

"పద్దెనిమిదో ఏట ఆవిడ దగ్గర టైపు నేర్చుకున్నా. ఏరు దాటి రోజూ పడవ మీద వచ్చేదాన్ని. మూడో బల్ల, కిటికీ పక్కది. అక్షరం తప్పు కొడితే స్కేలుతో బల్ల మీద కొట్టేవారు, నా వేళ్ల పక్కనే. వేళ్లకి ఒక్కసారీ తగల్లేదు."

మూడో బల్ల. ఇప్పుడు అదే బల్ల మీద వదిన ఫోన్ ఉంటుంది.

రేవులో బోటు హారను మోగింది. వదినకి కోపం ఇప్పుడు నిజంగానే వచ్చింది, కానీ అది ఏ వైపుకి వెళ్లాలో తెలియక మధ్యలో నిలబడింది. తన చెవిని తనని అడగకుండా ఊరికి రాసిచ్చింది అత్తగారు. మళ్లీ ఆవిడే 'బ్రాంచి నువ్వే నడుపు అమ్మాయ్' అని అందరికన్నా ముందు అన్నది. ఈ ఊళ్లో ముప్పై నాలుగు చోట్ల తన శిష్యురాలే అమర్చి ఉండగా, కోడలికి ఇదే ఊరు చూపించడం ఏమిటి? మరచిపోయి చేసే మనిషి కాదు. ముప్పై ఏళ్ల కిందటి హాజరుపట్టీ ఇప్పటికీ బట్టల బీరువాలో పెట్టుకుంది.

"బ్రాంచి పెడుతున్నారట కదా," అంది గొడుగులావిడ మెల్లిగా. మొదటిసారి ఆవిడ గొంతులో పటకారు లాంటి గట్టిదనం సడలింది. "పెడితే మీ దగ్గరికే వెళతారు అందరూ. ఎందుకు వెళ్లరు, గొంతు మీది. నాకు మళ్లీ గొడుగులే. నేనేం అడ్డుపడను. ఆ మొదటి పేజీలో రాసిన లైసెన్సు మీకెంతో నాకూ అంతే. కానీ టీచరు ఏం అనుకుని చేస్తున్నారో నాకు అంతుపట్టడంలేదు. మీకేమైనా తెలుసేమోనని, మీరు ఎప్పుడొస్తారా అని చూస్తున్నా."

"నాకా?" వదినకి నవ్వొచ్చింది, ఏడుపుకి దగ్గరగా ఉండే నవ్వు. "నాకు ఆవిడ పేకాట ఆడతారని తెలుసు."

గొడుగులావిడ కూడా నవ్వింది. నవ్వుతూనే తెర మీద ఇంకో ఉత్తరం తెరిచింది. "అయితే ఇదీ చూడండి. మొన్న శుక్రవారం వచ్చింది. ఇన్నాళ్లూ నాకొక్కదానికే రాస్తున్నారనుకున్నా. ఈసారి ఉత్తరం ఎవరెవరికి వెళ్లిందో ఆ పట్టిక పైన కనబడిపోయింది. దాచడం మరిచిపోయారో, కావాలనే వదిలేశారో."

ఉత్తరం చిన్నది. "వాళ్లు బయల్దేరుతున్నారు. ఎవరి ఊరికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి అంతా చూపించండి. ఏదీ ఒప్పుకోవద్దు, ఏదీ కాదనొద్దు. నేను చెప్పేదాకా ఆగండి. వీపు నిటారుగా."

పైన పన్నెండు చిరునామాలు. ప్రతి దాని పక్కనా పాత టైపు స్కూలు పద్ధతిలో బల్ల నంబరు, ఊరి పేరు. వదిన వేలు తెర మీద పెట్టి కిందికి జరిపింది. ఒకటి. రెండు. మూడు. ఇంట్లో గోడ మీద మ్యాపు ఆమె కళ్లకి కట్టినట్టు కనబడుతోంది, దాని మీద ఎర్ర గుండుసూదులు. పన్నెండో ఊరి దగ్గర వేలు ఆగిపోయింది. ఒక్కటి కూడా తేడా లేదు.

సంచీలో ఫోన్ మోగింది. ఈ ఊళ్లో ముప్పై నాలుగు తెరల మీద ఉన్న నంబరది. అయినా ఈసారి చేసింది మరిది.

"వదినా, గది చూశావా? ఎలా ఉంది?"

"బాగుంది. కిటికీలోంచి ఏరు కనబడుతుంది."

"చెప్పానా. సోమవారం తాళం నీ చేతికే ఇప్పిస్తా. అన్నయ్య బోర్డు మీద నీ పేరు కూడా రాయించమంటున్నాడు." అవతల ఏదో కాగితం మడతపెడుతున్న చప్పుడు. "ఆ ఒక్క సంగతీ చెప్పేస్తే ఇక ఫోన్ పెట్టేస్తా. ఊరంతా తిరిగావు కదా, మన పనికి పోటీ ఎవరూ లేరుగా?"

వదిన గొడుగులావిడ వైపు చూసింది. ఆవిడ చూపు తిప్పేసుకుని, బాగైపోయిన గొడుగునే మళ్లీ తెరుస్తోంది, మళ్లీ మూస్తోంది. లేరు అని ఒక్క మాట అంటే చాలు. గది, కిటికీ, ఎడమ భుజం మీంచి పడే వెలుతురు, గోడకి ఆ మేకు.

"వదినా? వినబడుతోందా?"

"వినబడుతోంది. ఒకళ్లు ఉన్నారు."

అవతల కాగితం చప్పుడు ఆగిపోయింది. "ఆ ఊళ్లోనా? సరే, పోనీ. రెండో సూదికి వెళదాం."

"అక్కడా ఉన్నారు. మూడో ఊళ్లోనూ ఉన్నారు. పన్నెండు ఊళ్లలోనూ ఉన్నారు."

"ఏం మాట్లాడుతున్నావు వదినా? అంత పెద్ద కంపెనీ ఎవరిది, మనకి తెలియకుండా? పేరు చెప్పు, రాసుకుంటా."

"రాసుకోనక్కర్లేదు," అంది వదిన. ఊగే స్టూలు మీద వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. "ముందుగదిలోకి వెళ్లు. మీ అమ్మ తెర మీద పేక ముక్కలున్నాయో, ఇంకేమైనా ఉందో చూసి చెప్పు."